సోంపు అర్కు పలచబడిన ఏడాది

గులాబీల కాలం ముగిసి ఇంకా వారం కాలేదు. మా అక్క మొహ్తరమ్ వాకిట్లో చాప మీద పడుకుని ఉంది. నిద్రపోతోంది అనకూడదేమో, కూలిపోయింది అనాలి. ఆ కాలం ఉన్నన్నాళ్ళూ మా కొండ ఊళ్ళో ఆడవాళ్ళకి నిద్ర ఉండదు. చీకటితోనే తోటలోకి పోయి పూలు కోయాలి, ఎండ ముదరకముందే ఆవిరితో అర్కు తీసే బట్టీకి చేర్చాలి, పూలు ఉడికించే రాగి డేగిసాలు తోమాలి, మళ్ళీ నింపాలి. అక్క వేళ్ళ కొసలు ముళ్ళకి చీరుకుపోయి నల్లబడ్డాయి. నేను పక్కన కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తూ, ఈగలు వాలకుండా ఆమె మొహం మీద కొంగు కప్పాను.

అప్పుడే కొండ కింది కాషాన్ పట్నం బజారులో మూలికల కొట్టు నడిపే నేమతుల్లా హాజీ ట్రక్కు వచ్చి ఆగింది. ఆయన ఎప్పుడూ ఖాళీ పెట్టెలతో వచ్చి నిండు పెట్టెలతో వెళ్ళే మనిషి. ఈసారి నిండు పెట్టెలే దించి అరుగు మీద పెట్టాడు. మా బావ యదుల్లా పేరున్న కాగితాలు అంటించిన సోంపు అర్కు సీసాలు. చలికాలంలో తీసినవి.

"లేపేశాను తల్లీ, ఏమీ అనుకోకు. యదుల్లా లేడా?" అన్నాడు.

"గ్యాస్ బండల కోసం కిందికి పోయాడు. కూర్చో హాజీ. ఎఫ్ఫత్, టీ తీసుకురావే," అంది అక్క నాతో, లేచి కూర్చుని కళ్ళు నులుముకుంటూ.

హాజీ చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని టీ అంతా తాగేదాకా ఆ సంగతి ఎత్తలేదు. గ్లాసు కింద పెట్టాక, తల వంచుకుని చెప్పాడు.

"నోరు రావట్లేదమ్మా. యదుల్లా వాళ్ళ నాన్న దగ్గర మా నాన్న కొన్నాడు, యదుల్లా దగ్గర నేను కొంటున్నాను. ఎన్నడూ సీసా వెనక్కి తేలేదు. ఇప్పుడేమో తల్లులు కొట్టు మీదికి యుద్ధానికి వస్తున్నారు. 'పిల్లాడు కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చాడు, నువ్విచ్చింది సోంపు అర్కా, కుళాయి నీళ్ళా?' అంటోంది ఒకావిడ. సరే అని ఇంకో సీసా తీసిస్తే అది మాడు కంపు. ఒకే ఇంటి సరుకు, ఒక సీసాకీ ఇంకో సీసాకీ చుట్టరికమే లేదు!"

అక్క ఒక సీసా మూత తీసి వాసన చూసింది. నాకిచ్చింది. నేనూ చూశాను. సోంపు గింజ పక్కింట్లో నలిపితే వచ్చేంత వాసన. అంతే.

మా బావ సంగతి చెప్పాలి. మా ఊళ్ళో గులాబీ అర్కు ఎవరైనా తీస్తారు. పూలు ఇన్ని, నీళ్ళు ఇన్ని, కూజా నిండగానే మంట ఆపెయ్యడం. అందులో తప్పు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. గింజలది వేరు. సోంపు, వాము, జీలకర్ర, ఏ బస్తాకి ఆ బస్తా గుణం మారుతుంది. డేగిసాలో గింజ ఉడుకుతుంటే ఆవిరి గొట్టంలోంచి దిగి, తొట్టి నీళ్ళలో కూర్చోబెట్టిన కూజాలో చల్లబడి చుక్కలవుతుంది. సారమంతా ముందు వస్తుంది. ఆ తర్వాత వచ్చేది గడ్డి నీళ్ళు. ఎక్కడ ఆపాలో చెప్పేది ముక్కు ఒక్కటే. కూజా మూతి మీద గుడ్డ తొలగించి, కళ్ళు మూసుకుని, ఒకసారి పీల్చి, "చాలు" అనేవాడు మా బావ. వాళ్ళ నాన్న అలాగే అనేవాడట, తాతా అలాగే. "యదుల్లా ముక్కు" అంటే కాషాన్ దాకా తెలుసు. నేను మరదల్ని కాబట్టి, "ఆ ముక్కుకి ఒక టోపీ కుట్టించు బావా, జలుబు చేస్తుంది," అని ఏడిపించేదాన్ని.

సాయంత్రం బావ వచ్చి పెట్టెలు చూశాడు. మొహం ఎర్రబడింది.

"గింజలు! గింజలు పాతవి పోశారు నాకు. నేను అప్పుడే అనుకున్నా."

"మరి అనుకున్నవాడివి ఎందుకు కొన్నావు?" అంది అక్క.

"మూత చుట్టూ పిండి ముద్ద నువ్వు సరిగా పెట్టావా? ఆవిరంతా పక్కనుంచి పోయి ఉంటుంది."

"పాతికేళ్ళ నుంచి పెడుతున్నాను. ఈ చలికాలమే చేతులు మరిచిపోయాయా?"

అక్కకి ఆ వేసవి విశ్రాంతి తీసుకోవాలని ఉండేది. నడుము పట్టేసింది. గింజల పని ఈ ఏడాదికి వద్దు అని గులాబీలకి ముందే నాతో అంది. కానీ బావ ఊరుకోలేదు. హాజీ సీసాలు వెనక్కి తెచ్చాడని బజారులో తెలిసేలోగా మంచి సరుకు తీసి పంపాలి అని పట్టుబట్టాడు. అలా మొదలైంది.

కొత్త గింజలు తెచ్చాడు. పచ్చగా, నూనె మెరుస్తూ, వేళ్ళ మధ్య నలిపితే చెయ్యంతా పరిమళించేవి. గింజ గింజగానే డేగిసాలో పోసి తీశారు. పలచగా వచ్చింది. గింజ పగలకపోతే లోపలి సారం నీళ్ళకి ఎలా దిగుతుంది అని, మర్నాడు పిండిలా దంచి పోశారు. ఆ పిండి అడుక్కి చేరి గడ్డకట్టి మాడింది. రాగి డేగిసా అడుగు ఇసుకతో గీకి గీకి అక్క మోచేతుల దాకా మసి. ఆ తర్వాత మంట తగ్గించి చూశారు, పెంచి చూశారు. పెంచితే పొంగి, గింజల నురగ గొట్టంలోంచి కూజాలోకి దిగింది. నీళ్ళు తగ్గించారు, పెంచారు. కొండ కింద సొరంగంలోంచి వచ్చే మా కాలువ నీళ్ళు నిండు వేసవిలోనూ ఐసులా ఉంటాయి. ఆ చల్లదనానికి ఒకసారి సోంపు నూనె తెల్లగా పేరుకుని గొట్టం మూతికి మైనంలా అంటుకుపోయింది. కింద కూజాలోకి దిగింది ఒట్టి నీళ్ళు. పుల్లతో గీకి తీస్తే, ఉన్న సారమంతా ఆ పుల్లకే అంటింది.

ప్రతిసారీ ఒకటే తంతు. బావ కూజా మీదికి వంగి పీల్చి, వేలు ముంచి నాలుక్కి రాసుకుని, "ఆఁ, ఇప్పుడు కుదిరింది," అనేవాడు. అక్క వాసన చూసి, "ఏం కుదిరిందయ్యా? నాకేమీ తగల్లేదు," అనేది. ఇద్దరికీ పొంతన కుదరక మళ్ళీ తీసేవారు.

ఒకసారి మాత్రం అది తలకిందులైంది. కాలువ వంతు పక్కవాళ్ళది కావడంతో తొట్టిలో కొత్త నీళ్ళు పడక, ఉన్న నీళ్ళే గోరువెచ్చబడ్డాయి. రోటి పని చేసి చేసి అక్కకి చేతుల్లో బలం లేక, గింజల్ని కచ్చాపచ్చాగా నలిపి, సాయంత్రమే నీళ్ళు పోసి నానబెట్టి వదిలేసింది. పొద్దున మంట కూడా సన్నగానే పెట్టింది. గ్యాస్ అయిపోవచ్చింది మరి. కూజా తీస్తే అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఘాటు తగిలింది. పచ్చి సోంపు చేలో నిలబడ్డట్టు ఉందట. కానీ బావ నాలుక మీద రాసుకుని మొహం చిట్లించాడు.

"చేదు. ఇదేం అర్కు? పారబొయ్యి."

"నాకు బాగుందయ్యా."

"నీకేం తెలుస్తుంది? ఇన్నేళ్ళు గులాబీల్లో పడి నీ ముక్కు చచ్చిపోయింది. అన్నీ నీకు ఒకేలా ఉంటాయి."

అక్క ఆ కూజాడు అర్కూ తీసుకెళ్ళి నేరేడు రంగు తిరుగుతున్న ఆల్‌బుఖారా చెట్టు మొదట్లో పోసింది. అంతకంటే ఘోరం, ఆయన మాట నమ్మింది. నిజంగా నమ్మింది. ఆ నెలలో ఒకరోజు పాలగిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఎఫ్ఫత్, ఇవి విరిగాయా చూడవే. నాకు తెలియట్లేదు."

"బాగానే ఉన్నాయక్కా. నీకేమయింది?"

"ముక్కు పోయింది నాకు. మీ బావ చెప్పాడు."

ఎండిపోయినట్టు ఉండేది ఆ రోజుల్లో. మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆపేసి, ఏం చెప్తున్నానే అని అడిగేది. వయసు మీద పడుతోంది అనుకున్నాను. ఎండలు తగ్గితే కోలుకుంటుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది చాలా చిన్న సంగతి. మధ్యాహ్నం వేళ అక్క కూజా కడుగుతోంది. రెండు నీళ్ళు పారబోసి, మూడోసారి మంచినీళ్ళు నింపి, నాననిద్దాం అని తొట్టిలోనే పెట్టింది. దుమ్ము పడకుండా మూతి మీద గుడ్డ వేసి, రొట్టెలు తేవడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి బావ తొట్టి గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. గుడ్డ తొలగించాడు. కళ్ళు మూసుకున్నాడు. నిండుగా పీల్చాడు. మొహమంతా వెలిగిపోయింది.

"మొహ్తరమ్! వచ్చి చూడు. ఇదీ మా నాన్న తీసిన అర్కంటే. ఎన్నాళ్ళకి కుదిరిందో!"

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో రొట్టె గుడ్డ. రొట్టెలు అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, సందు దాటి మా ఇంటికి వచ్చింది.

వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయన ముక్కు పోయి, నీ ముక్కు పోయిందన్నాడా? ఉండు, ఇప్పుడే పోయి నాలుగు కడిగేసి వస్తాను!"

"కూర్చోవే. నాకు పోట్లాడే ఓపిక లేదు. వినే ఓపిక కూడా లేదు. దిండు ఇవ్వు," అంది.

కిటికీ కింద పడుకుంది. గోడ వైపు తిరిగింది. నిద్రపోయిందో లేదో నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా బావ వెతుక్కుంటూ వచ్చాడు.

"మరదలా, మీ అక్క ఇక్కడుందా? రొట్టెలు అరుగు మీదే ఎండిపోయాయి. చెప్పకుండా వచ్చేసింది."

నేను పక్కకి తప్పుకున్నాను. ఆయన గడప లోపలికి వచ్చి నిలబడ్డాడు. అక్క ఇటు తిరగలేదు.

"కూజాలో ఏముంది?" అంది గోడతో మాట్లాడుతున్నట్టు.

"అర్కు. పొద్దున తీసింది."

"పొద్దున తీసింది వంటింట్లో సీసాల్లో ఉంది. కూజాలో ఉన్నవి కడిగిన నీళ్ళు."

బావ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను ఎప్పుడో అన్న హాస్యం గుర్తొచ్చి నాకే సిగ్గేసింది. సమోవర్ కింద మంట సర్దే వంకతో అటు తిరిగాను.

"ఎప్పటి నుంచి?" అంది అక్క.

బావ ఆ టోపీ వైపే చూస్తూ చెప్పాడు.

"కరోనా జ్వరం తగ్గిన రోజు నువ్వు పుదీనా వేసి ఆష్ సూపు కాచి పెట్టావు. వేడి తెలిసింది, ఉప్పు తెలిసింది. ఇంకేమీ లేదు. గోధుమ నూక నమిలినట్టుంది. మర్నాటికి వస్తుందిలే అనుకున్నా. నెలకి వస్తుందిలే అనుకున్నా. రెండు గులాబీ కాలాలు పోయాయి మొహ్తరమ్. అంత పూల రాశి మధ్య నిలబడితే నాకు అది ఎర్ర కాగితాల రాశి."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"గింజలకని చెప్పి పోయి చూపించుకున్నా. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నాలుక మీద తీపీ చేదూ అయితే తగులుతాయి నాకు. సోంపుకి తీపి ఉంటుంది కదా. అది తగిలితే చాలనుకున్నా."

"గడ్డి నీళ్ళకీ తీపి ఉంటుంది. ఘాటైన దానికి చేదుంటుంది. అందుకే పారబొయ్యమన్నావు."

"అవును."

అక్క ఇప్పుడు లేచి కూర్చుంది. జుట్టు మొహం మీద పడింది, తీసుకోలేదు.

"అదంతా పోనీ. జ్వరానికి నువ్వేం చేస్తావు? కానీ నా ముక్కు చచ్చిపోయిందన్నావు చూడు. నేను నమ్మాను. పాలు విరిగాయో లేదో దీన్ని అడిగాను. కూర మాడుతుందేమోనని పొయ్యి దగ్గర నుంచి కదలకుండా నిలబడ్డాను. వారాల తరబడి. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నా."

"ఎందుకయ్యా?"

"ఇద్దరిలో ఎవరి ముక్కో పోవాలిగా. నాది అని నోరు రాలేదు. ఆ ముక్కు తీసేస్తే నేనెవణ్ణి? డేగిసా కింద మంట వేసేవాణ్ణి. అంతేగా."

అక్క నవ్వింది. సంతోషపు నవ్వు కాదు. "మంట వేసేవాళ్ళు అంత తక్కువా? పాతికేళ్ళుగా మంట వేస్తోంది నేనే."

ఆయన తల దించుకున్నాడు. నేను మూడు గ్లాసుల్లో టీ పోసి పెట్టాను. ముగ్గురం తాగాం. తర్వాత ఇద్దరూ ఇంటికి పోయారు, ఆయన ముందు, అక్క నాలుగు అడుగులు వెనక.

వాళ్ళిద్దరి మధ్య కొన్నాళ్ళు మాటలు తక్కువే నడిచాయి. బట్టీ మూసేద్దాం అని అక్క అంటే, బావ "నీ ఇష్టం" అన్నాడట. ఎదురు చెప్తాడనుకుంటే చెప్పలేదు. డేగిసాలు తోమి బోర్లించేశారు. నాకు మనసు తేలికపడింది, అక్క ఇంక పడుకుంటుంది కదా అని. కానీ పడుకోలేదు. ఒక సాయంత్రం మా రోలు దగ్గరకి వచ్చి, "ఒక్కసారి తీస్తాను ఎఫ్ఫత్. చెట్టుకి పోసిన రోజు తీసినట్టే," అంది.

"ఎవరికోసం? హాజీ కోసమా? బావ కోసమా?"

"నా ముక్కు బతికుందో లేదో నాకు తెలియాలిగా."

ఆ పనికి నేనూ వెళ్ళాను. గింజల్ని పిండి కానివ్వకుండా, గింజకి రెండు మూడు చెక్కలు అయ్యేలా నలిపాం. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి మూత పెట్టాం. పొద్దున్నే బావ వచ్చి నిలబడ్డాడు, పిలవకుండానే. ఏం చెయ్యమంటావు అని అడిగాడు. అక్క పొయ్యి చూపించింది.

"మంట చూడు. పొంగనివ్వకు. చుక్క చుక్కకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి ఉండాలి."

తొట్టిలోకి కాలువ నీళ్ళు రాకుండా అడ్డుపెట్టి, ఉన్న నీళ్ళనే చేత్తో చూసుకుంటూ, మరీ వేడెక్కితే ఒక చెంబు చల్లనివి కలిపాను. బావ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అంత ఓర్పుగా మంట చూసే మనిషిని నేను చూడలేదు. అక్క కూజా దగ్గర కూర్చుంది. మూతి మీద గుడ్డ తొలగించి చూస్తోంది, మూస్తోంది. మొదటి వాసనకి నేను దూరంగా ఉండి కూడా తుమ్మాను. ఆ తర్వాత తియ్యదనం వచ్చింది. ఇంకా వస్తోంది, ఇంకా వస్తోంది. నేనైతే ఇంకాసేపు ఉంచేదాన్ని. అక్క ఒక్కసారిగా, "చాలు. ఆపు," అంది.

బావ వెంటనే ఆపాడు. తర్వాత వచ్చిన చుక్కల్ని వేరే గిన్నెలో పట్టి నాకు చూపించింది. తడిసిన ఎండుగడ్డి వాసన.

బావ వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు. మొహం చిట్లించుకోబోయి ఆగాడు. "చేదు," అన్నాడు. ఇంకాసేపటికి, "వెనక తీపి ఉంది," అన్నాడు. అక్క ఆ గుడ్డని మొహానికి ఆనించుకుని కూర్చుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోయాను. వాసన చూస్తోంది, అంతే.

తర్వాత ఇంకొన్నిసార్లు తీశారు. హాజీ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక సీసా మూత తీశాడు, తల ఊపాడు, గడ్డం సవరించుకున్నాడు.

"అద్గదీ! నీ ముక్కుకి దిష్టి తగిలిందనుకున్నా యదుల్లా. తిరిగొచ్చింది!"

బావ అక్క వైపు చూశాడు. తర్వాత హాజీ వైపు తిరిగాడు.

"రాలేదు హాజీ. నా ముక్కు పోయింది, రెండేళ్ళయింది. ఇది తీసింది మొహ్తరమ్. ఎక్కడ ఆపాలో తనే చెప్పింది. నేను మంట చూశాను."

హాజీ ఇదేదో వేళాకోళం అనుకుని నవ్వబోయాడు. మా మొహాలు చూసి నవ్వు మింగేశాడు. గొంతు సవరించుకుని, "మరి సీసాల మీద పేరు? కొత్త కాగితాలు అచ్చు వేయించనా తల్లీ?" అన్నాడు.

"వద్దు హాజీ. పాతవి బోలెడు ఉన్నాయి. కొత్తవి ఎవరు అంటిస్తారు కూర్చుని?" అంది అక్క. "నడుము పడిపోతోంది నాకు. ఈ చలికాలం గింజలు ముట్టుకోను. మళ్ళీ గులాబీలు వచ్చేదాకా నన్ను పిలవకండి."

అన్నట్టే చేసింది. ఆ చలికాలం బట్టీ తలుపుకి తాళం పడింది. సోంపు కావాలని ఎవరైనా వస్తే బావే బయటికి వచ్చి, మా ఇంటావిడకి ఒంట్లో బాగాలేదు, వసంతం తర్వాత రండి అని పంపేసేవాడు. ఊళ్ళో ఇప్పటికీ యదుల్లా అర్కు అనే అంటారు. బావ విన్నప్పుడల్లా మొదట్లో సరిదిద్దేవాడు. తర్వాత మానేశాడు, అక్కే మానమంది, ఆ కథ ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పలేం అని.

మంచు బాగా పడిన ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అక్క రజాయి కింద ముడుచుకుని ఉంది. బావ హీటరు మీద నారింజ తొక్కలు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"మొహ్తరమ్," అన్నాడు మెల్లగా. "ఇందాక ఒక్క క్షణం తగిలింది. నారింజ. ఒట్టు."

అక్క కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. తొక్కలు పెట్టింది ఆయనే, ఎదురుగా కనిపిస్తున్నవీ అవే. నిజంగా తగిలిందో, తగిలిందనుకున్నాడో ఎవరు చెప్పగలరు?

"సరేలే. ఇంకొకటి పెట్టి చూడు," అని, రజాయి చెవుల దాకా లాక్కుని అటు తిరిగి పడుకుంది.